గాలికి లేచిన ఇసుక – ఏ ఎత్తున ఎంత?

– ఎం.ఎస్సీ. (భూగర్భ శాస్త్రం), మన హాస్టల్ పూర్వ విద్యార్థి



హైటెక్ సిటీ పక్కన ఒక రాయదుర్గం ఉంది. అనంతపురం జిల్లాలో మరో రాయదుర్గం ఉంది. అక్కడ ఎండిన హగరి (వేదవతి) నది ఇసుక గాలికి లేచి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల పొలాల్లో మేటలు వేస్తోంది. ఇక్కడ పునాదుల తవ్వకం, రాళ్ల కోత వల్ల దుమ్ము లేస్తోంది. మా నాన్న ఇక్కడి పునాదుల్లోనే పనిచేస్తాడు. అందుకే ఈ విషయం నాకు పాఠం మాత్రమే కాదు.

గాలి రేణువులను మూడు విధాలుగా మోస్తుంది. సుమారు 0.5 మి.మీ. కంటే పెద్దవి నేల మీద దొర్లుతాయి. 0.07 నుంచి 0.5 మి.మీ. వరకు ఉన్నవి గెంతుతూ పోతాయి. అంతకంటే సన్ననివి గాలిలో తేలుతాయి. బ్రిటిష్ సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నాల్డ్ 1930లలో లిబియా ఎడారిలోనూ, గాలి సొరంగంలోనూ పరిశీలించి, 1941లో దీనిపై గ్రంథం ప్రచురించాడు.

మరి కొలిచేదెలా? ఒక కర్రకు చిన్న పెట్టెలను ఒకదానిపై ఒకటి, మూతి గాలికి ఎదురుగా ఉండేలా బిగించాలి. వెనుక సన్నని జాలీ ఉండాలి. లేకపోతే గాలి పెట్టెలో నిలిచిపోయి, ఇసుక పక్కకు తప్పుకుంటుంది. కొంతసేపయ్యాక ఒక్కో పెట్టెలోని ఇసుకను తూచి, ఆ బరువును మూతి వైశాల్యంతోనూ, కాలంతోనూ భాగించాలి.

ఉదాహరణకు 5 సెం.మీ. ఎత్తున 80 గ్రాములు పడిందనుకుందాం. 10 వద్ద 40, 15 వద్ద 20, 20 వద్ద 10 గ్రాములు! ఎత్తు సమానంగా పెరిగేకొద్దీ ఇసుక ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. సెమీ లాగ్ గ్రాఫ్ కాగితంపై గీస్తే ఇంచుమించు సరళరేఖ వస్తుంది. అంటే గెంతే ఇసుకలో అధిక భాగం మోకాలి లోపే పోతుంది. మొలకలు కోసుకుపోయేది అందుకే. తక్కువ ఎత్తు దడి కూడా దాన్ని ఆపగలదు. అయితే మేట పెరిగేకొద్దీ దడినీ పెంచాలి.

సన్నని ధూళి సంగతి వేరు. అది భవనాల ఎత్తుకూ పోతుంది. పంపుతో గాలిని లాగి, వడపోత కాగితాన్ని ముందూ వెనుకా తూచి దాన్ని కొలుస్తారు. 10 మైక్రాన్ల లోపు ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటరాదని 2009 జాతీయ ప్రమాణం. హైదరాబాద్ గ్రానైట్ రాళ్లలో క్వార్ట్జ్ ఉంది. దాని సన్నని పొడి ఏళ్ల తరబడి పీల్చితే సిలికోసిస్ వస్తుంది. అది నయం కాదు.

కావున సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, కట్టడాల్లో పనిచేసే అమ్మానాన్నలకు చెప్పండి: రాయి కోసేటప్పుడు నీళ్లు పోయాలి, ఇసుక కుప్పపై పట్టా కప్పాలి, ముఖానికి తువ్వాలు చాలదు, మంచి మాస్కు అడిగి తీసుకోవాలి.