వికలాంగుని ఓటు, ఉపాధి: 'మాజూర్' అనే పదాన్ని సరిగా అర్థం చేసుకుంటే

వికలాంగుణ్ణి ఉర్దూలో 'మాజూర్' అంటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లోని మన ఇండ్లలో ఇది నిత్యం వినబడే మాటే. అరబీలోని 'ఉజ్ర్' దీనికి మూలం. ఉజ్ర్ అంటే సాకు కాదు, అంగీకరించదగిన కారణం. అటువంటి కారణం చేత సడలింపు పొందినవాడు మాజూర్. తెలుగులోని 'వికలాంగుడు' శరీరాన్ని చూసి పెట్టిన పేరు. ఈమధ్య ప్రభుత్వం వారు వాడుతున్న 'దివ్యాంగుడు' పొగడ్తగా పెట్టిన పేరు. 'మాజూర్' ఈ రెంటివలె కాక, మనిషికీ అతని విధికీ మధ్యనున్న సంబంధాన్ని చెబుతుంది. అనువాదకునిగా నాకు ఈ మూడింటిలో ఇదే నచ్చింది. కాని మన వాడుకలో దీని అర్థం చాలా దిగజారింది.

ఫిఖ్హ్ శాస్త్రంలో సడలింపును 'రుఖ్సత్' అంటారు. నిలబడలేనివాడు కూర్చొని నమాజు చేస్తాడు, కూర్చోలేనివాడు పడుకొని సైగలతో చేస్తాడు. నమాజు అతని మీద నుండి తొలగిపోలేదు, దానిని నెరవేర్చే పద్ధతి మాత్రమే మారింది. మన ఇండ్లలో మాత్రం పోలింగు రోజున, "వాడు మాజూర్ కదా, వాడెందుకులే" అంటారు. ఉద్యోగ ప్రకటన వెలువడినప్పుడూ అదే మాట. సడలింపు కాస్తా బహిష్కారమైపోయింది.

దైవప్రవక్త (స) కాలపు ఆచరణ ఇందుకు పూర్తిగా భిన్నం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. 'అబస' సూరా అవతరణకు ఆయన రాకయే సందర్భమని పాఠకులకు విదితమే. అయితే ఆ తరువాతి సంగతిని మనం తక్కువగా చెప్పుకుంటాం. హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ఆయన అజాన్ బాధ్యత నిర్వహించారు. దైవప్రవక్త (స) మదీనా విడిచి వెళ్ళిన పలు సందర్భాలలో ఆయనను తమ ప్రతినిధిగా నియమించి వెళ్ళారు. అది జాలితో ఇచ్చిన పని కాదు, నగరపు బాధ్యత.

ఇక ఓటు సంగతి. 1976లో మరణించిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు ఓటును 'షహాదత్', అనగా సాక్ష్యంగా పరిగణించారు. సిఫారసుగానూ, వకాలత్‌గానూ కూడా వివరించారు. ఓటు సాక్ష్యమైతే, అంధుని సాక్ష్యం చెల్లుతుందా అనే ప్రశ్న రాక మానదు. ఇమాం అబూ హనీఫా దానిని అంగీకరించలేదు. ఇమాం మాలిక్ గొంతును గుర్తించి చెప్పే సాక్ష్యాన్ని అంగీకరించారు. కాని ఈ చర్చ అంతా కంటితో చూడవలసిన సంఘటనను గురించినది. ఫలానా వ్యక్తి ప్రాతినిధ్యానికి యోగ్యుడా కాదా అనేది కంటితో తేల్చే విషయం కాదు గనుక ఆ అభ్యంతరం ఇక్కడ వర్తించదని నా అభిప్రాయం. మూగవాని సంగతి ఇంకా స్పష్టం. అతని పరిచిత సంజ్ఞ మాటతో సమానమని ఉస్మానియా సామ్రాజ్యపు 'మజల్లా' 70వ నిబంధనలోనే ఉన్నది.

మన దేశ చట్టం ఈ విషయంలో క్రమంగా ముందుకు వచ్చింది. పోలింగ్ కేంద్రాల్లో ర్యాంపులు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. ఓటింగ్ యంత్రం మీద బ్రెయిలీ అంకెలను ప్రయోగాత్మకంగా వాడింది కూడా ఆ సంవత్సరమే, అదీ మన హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉపఎన్నికలో. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్, ప్రతి పోలింగ్ కేంద్రమూ వికలాంగులకు అందుబాటులో ఉండేట్లు చూసే బాధ్యతను ఎన్నికల సంఘాల మీద పెట్టింది.

కాని ర్యాంపు పాఠశాల గుమ్మం దగ్గర మొదలవుతుంది, మనిషి ఇంటి దగ్గర మొదలవుతాడు. నల్లమలలోని చెంచు పెంటలో ఉన్నవానికి, కాలిబాటలే దారులైన ఊరివానికి ఆ నడిమి దూరమే అసలు అడ్డంకి. అందుకే ఇంటి నుండి ఓటు వేసే సౌకర్యానికి ఈ ప్రాంతంలో ఎక్కువ విలువ ఉన్నది. నాగర్‌కర్నూల్ లోక్‌సభ నియోజకవర్గంలో గద్వాల, ఆలంపూర్, వనపర్తి, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి ఉన్నాయి. 2023 నవంబరు 30 నాటి శాసనసభ ఎన్నికలలోనూ, 2024 మే 13 నాటి లోక్‌సభ ఎన్నికలలోనూ 40 శాతం, అంతకు మించిన వైకల్యమున్నవారికి ఈ అవకాశం లభించింది. దీనికి ఎన్నిక నోటిఫికేషన్ వెలువడిన 5 రోజుల లోపల '12డి' ఫారం ఇవ్వాలి. బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి తీసుకుంటాడు. తరువాత సిబ్బంది వీడియో చిత్రణతో వచ్చి పోస్టల్ బ్యాలెట్ ఇస్తారు. గుర్తు పెట్టేది మాత్రం రహస్యంగానే. ఒకసారి దీనికి అనుమతి పొందినవారు ఇక పోలింగ్ కేంద్రంలో ఓటు వేయజాలరు. ఐదు రోజులు చాలా స్వల్ప వ్యవధి. కాబట్టి ఎన్నికలు లేని రోజులలోనే '8' నంబరు ఫారం ద్వారా ఓటరు జాబితాలో తమ వైకల్యాన్ని నమోదు చేయించుకోవడం మేలు.

పోలింగ్ కేంద్రానికి వెళ్ళే అంధులు, స్వయంగా మీట నొక్కలేనివారు 18 ఏండ్లు నిండిన ఒక తోడును తీసుకొని వెళ్ళవచ్చు. ఆ తోడు ఓటు రహస్యాన్ని కాపాడతానని వ్రాసి ఇవ్వాలి. ఇందులో ఒక నియమం చాలామందికి తెలియదు: ఒకే రోజున ఒక వ్యక్తి ఒక్క ఓటరుకు మాత్రమే తోడుగా ఉండగలడు. ఒకే ఇంట్లో చూపు లేని వృద్ధ దంపతులుంటే ఇద్దరు తోడులు కావాలి. పాలమూరు నుండి వలస వెళ్ళిన కుటుంబాలలో వయసు పిల్లలు బొంబాయిలోనో, హైదరాబాదులోనో ఉంటారు. ఆ రెండవ తోడు ఎవరన్నది ముందే ఆలోచించుకోవలసిన విషయం. పంచాయతీ ఎన్నికలు వేరు. 2025 డిసెంబరులో అవి కాగితపు బ్యాలెట్‌తో జరిగాయి, యంత్రం మీది బ్రెయిలీ అంకెలు అక్కడ పనికిరావు.

మతిస్థిమితం లేదని ఇంటివారో, ఇరుగుపొరుగువారో అన్నంత మాత్రాన ఓటు పోదు. తగిన న్యాయస్థానం అలా ప్రకటిస్తేనే పేరు తొలగించవచ్చు.

ఉపాధి విషయం ఇంతకంటె కఠినమైనది. 2011 జనగణన ప్రకారం దేశంలోని 2 కోట్ల 68 లక్షల వికలాంగులలో పనిచేస్తున్నవారు సుమారు 36 శాతమే. గద్వాల నేత చూడండి. నూలు చీరకు పట్టు అంచును కలిపే ఆ పని గుంట మగ్గం మీద జరుగుతుంది, గుంటలో కాళ్ళతో తొక్కాలి. పోలియో సోకిన కాళ్ళకు అది సాధ్యం కాదు. కండెలు చుట్టడం, పడుగు పోగులు అతకడం మాత్రం చేతుల పనులే. కాని వాటికి కూలి తక్కువ. పత్తి విత్తనపు చేలలో 'క్రాసింగు' వేళ్ళ పనే అయినా రోజంతా సాళ్ళ వెంట నడవాలి. అంటే ఈ ప్రాంతపు పనులు వికలాంగుణ్ణి పూర్తిగా వెళ్ళగొట్టవు గాని చవక పనిలో కూర్చోబెడతాయి. మనమూ తక్కువేమీ కాదు. పిల్లవానికి చూపు లేదంటే వెంటనే హాఫిజ్‌ను చేద్దామంటాం. అది మహత్తరమైనదే, కాని అతనికి లెక్కలు ఇష్టమేమో ఎవరూ అడగరు.

2016 చట్టం ప్రభుత్వోద్యోగాలలో రిజర్వేషన్‌ను 3 నుండి 4 శాతానికి పెంచింది. చూపు, వినికిడి, శారీరక చలనం, ఈ మూడు వర్గాలకు ఒక్కొక్క శాతం. మిగిలిన ఒక శాతం మానసిక, బౌద్ధిక వైకల్యాలు, ఆటిజం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికి కలిపి. అర్హుడు దొరకకపోతే ఆ ఖాళీని వెంటనే ఇతరులకు ఇవ్వరాదు, మరుసటి నియామక సంవత్సరానికి తీసుకొని పోవాలి. అప్పుడూ దొరకకపోతే మరొక వైకల్య వర్గానికి మార్చి చూడాలి. ఆ తరువాతనే ఇతరులకు. ప్రైవేటు సంస్థలకు మాత్రం ఇటువంటి నిర్బంధం లేదు, ప్రోత్సాహకాల మాట మాత్రమే ఉన్నది. చట్టంలో ఇది పెద్ద లోపమని నేను భావిస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన తరువాత వైకల్యం కలిగితే 20వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం మీద మరొక పని ఇవ్వాలి. రంగులు గుర్తించలేడని వైద్యులు చెప్పగా ఆర్టీసీ ఇంటికి పంపిన తెలంగాణ బస్సు డ్రైవరుకు తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందులో కార్మికులకు 1979లో కుదిరిన ఒప్పందం అక్కరకు వచ్చింది. పాత కాగితాలు దాచుకోవడం వల్ల ప్రయోజనం ఇదే.

పోటీ పరీక్షలలో వ్రాయలేనివారికి లేఖకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటాయి. వీటిలో చాలావాటికి 40 శాతం ధ్రువపత్రం తాళపుచెవి వంటిది. మన తెలంగాణలో దానిని చాలామంది పింఛను కోసం మాత్రమే తీయించుకుంటారు. 2023లో 4,016 రూపాయలకు పెరిగిన ఆ పింఛను చేతికి రాగానే కాగితాన్ని పెట్టెలో పెడతారు. అదే కాగితం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లకూ, పేదరిక నిర్మూలన పథకాలలో 5 శాతం వాటాకూ అర్హత చూపుతుంది. ఎక్కడైనా హక్కు నిరాకరిస్తే ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల స్వీకరణకు ఒక అధికారి ఉండాలని 23వ సెక్షన్ చెబుతున్నది. అక్కడ పని జరగకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు వ్రాయవచ్చు.