మనము, మేము: మాటలో దాగిన తలంపు

ప్రతి మాట వెనుక పైకి చెప్పని తలంపు ఒకటి ఉంటుంది. తెలుగులో "మనము" అంటే వినేవాడు కూడా చేరతాడు. "మేము" అంటే అతడు వెలుపలే ఉంటాడు. క్రొత్త నిబంధన గ్రీకులో ఈ భేదం లేదు. మార్కు 4:38లో తుపానుకు భయపడిన శిష్యులు, నశించిపోతున్నామని యేసుకు మొరపెట్టారు. అదే దోనెలో ఉన్న ఆయనను కూడా కలుపుకొని అన్నారా? గ్రీకు క్రియ ఆ సంగతి తేల్చదు. కనుక తెలుగులో ఆ సర్వనామం పెట్టగానే అనువాదకుడు వ్యాఖ్యానం చేసినట్లే.

ప్రసంగ వేదికపైనా ఇంతే. "మా సంఘములో" అని ప్రకటిస్తే, మొదటిసారి వచ్చి వెనుక కూర్చున్న వ్యక్తి ఏమని గ్రహిస్తాడు? పాపాన్ని గూర్చి "మీరు" అని, కృపను గూర్చి "మేము" అని పలికే ప్రసంగంలో సిద్ధాంతం సరైనదే కావచ్చు. వినబడేది మాత్రం వేరొక సువార్త.