శొంఠి కషాయం కాద్దాం రండి!

అక్టోబరు వచ్చిందంటే మన శ్రీహరికోట పక్క ఈశాన్య వానలు మొదలు. పులికాట్ మీంచి చలిగాలి కొడుతుంది. హాస్టల్లో ఒకరికి దగ్గొస్తే పదిమందికి అంటుకుంటుంది. అప్పుడు మా అవ్వ కాసేది శొంఠి కషాయం.

మనకు మూలికలు కొత్త కాదు. 1971లో శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగరక ముందు, ఆ దీవి అడవిలో మన యానాదులు తేనె, మూలికలు సేకరించి బతికేవారు.

చేసే పద్ధతి: నలుగురికి 4 గ్లాసుల నీళ్లు పొయ్యిమీద పెట్టాలి. అర చెంచా శొంఠిపొడి, దంచిన మిరియాలు 8, గుప్పెడు తులసాకులు వెయ్యాలి. నీళ్లు సగమయ్యేదాకా మరిగించి, తాటిబెల్లం కలిపి వడగట్టాలి. గోరువెచ్చగా తాగాలి.

వేడి ఎందుకు పుడుతుంది? అల్లం ఎండి శొంఠి అయితే ఘాటు పెరుగుతుంది. శొంఠి, మిరియాల ఘాటు నోట్లో వేడిని కనిపెట్టే నరాలనే తాకుతుంది. అందుకే ఒళ్లు వెచ్చబడినట్టు ఉంటుంది. చైనాలో కూడా చలికి అల్లం, ఎర్ర రేగుపళ్లు కలిపి కాచుకుంటారు. ఆ రేగు మన రేగుకు దగ్గరి చుట్టమే!

ఒక్క మాట. కషాయం గొంతుకు హాయినిస్తుంది గానీ అన్ని రోగాలనూ కుదర్చదు. పోయినేడు మా తమ్ముడికి మూడు రోజులు కషాయమే పోశాం. ఊపిరి తీస్తే డొక్కలు లోపలికి పోతున్నాయి. అవ్వే చూసి, "ఇంక ఇది నా చేతిలో లేదురా, ఆస్పత్రికి పదండి" అంది. న్యుమోనియా అన్నారు. బతికాడు.

ఎప్పుడు కాయాలో, ఎప్పుడు ఆపాలో రెండూ తెలియాలి. సెలవులకు ఇంటికి పోతే మీ అవ్వల్ని అడిగి రాసుకు రండి.