స్కానర్ కథ: చేతిలో పట్టేదా, బల్లమీద పెట్టేదా?

నెల్లూరు జిల్లా మైపాడు ఇసుకలో నిలబడి చూస్తే మన కంటికి ఆనే సముద్రం నాలుగున్నర కిలోమీటర్లే. ఆ పైన భూమి వంపు అడ్డొస్తుంది. వేటకు వెళ్లిన ఫైబర్ బోటు మొదట అడుగుభాగం, తర్వాత మనుషులు, చివరికి జెండా కర్ర, ఒక్కొక్కటే కనుమరుగవుతాయి. అదే చోట చేతిలో రేడియో సెట్టు పట్టుకుని నిలబడితే దాని చూపు ఇంకొంచెం ముందుకు, అయిదు కిలోమీటర్ల పైచిలుకు దాకా పోతుంది. గాలి పొరలు రేడియో తరంగాలను కొద్దిగా కిందికి వంచుతాయి కాబట్టి దక్కే లాభం అది. స్కానర్ కొనాలనుకునేవాళ్లు ఎన్ని చానళ్లు పడతాయి, తెర ఎంత పెద్దది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అని ఆరా తీస్తారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. యాంటెనా ఎంత ఎత్తున నిలబడుతుంది?

స్కానర్ అంటే అనేక చానళ్లను వరుసగా తడుముతూ, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగే రేడియో. దీని పుట్టుక మొదటి ప్రపంచ యుద్ధంలో ఉంది. అమెరికా సైన్యం తరఫున పారిస్‌లో పనిచేస్తున్న ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో సూపర్‌హెటరోడైన్ అనే పద్ధతి కనిపెట్టాడు. యాంటెనా పట్టిన సంకేతానికి, రేడియో లోపలే పుట్టించిన మరో సంకేతాన్ని కలిపితే రెండిటి తేడాకు సమానమైన మూడో పౌనఃపున్యం వస్తుంది. లోపలి సంకేతాన్ని తగినట్టు మారుస్తూ పోతే, బయటినుంచి వచ్చేది ఏదైనా సరే ఆ తేడా మాత్రం ఎప్పుడూ ఒకటే ఉంటుంది. ఇక వడపోత, బలం పెంచడం అన్నీ ఆ ఒక్క పౌనఃపున్యం దగ్గరే చేసుకోవచ్చు. ఈ నూరేళ్లలో వచ్చిన రేడియోల్లో చాలా భాగం ఈ సూత్రం మీదే నడిచాయి. స్కానర్‌కు ఇది ప్రాణం. చానల్ మారాలంటే లోపలి సంకేతం ఒక్కటి మారితే చాలు.

ఆ లోపలి సంకేతాన్ని తొలి స్కానర్లు క్వార్ట్జ్ స్ఫటికాలతో పుట్టించాయి. ఒక చానల్‌కు ఒక స్ఫటికం. ఎనిమిది చానళ్లు వినాలంటే ఎనిమిది స్ఫటికాలు కొని బిగించుకోవాలి. ముందు పలకమీద ఎర్ర దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోయేవి, మాట వినబడ్డ చోట నిలిచేవి. 1954లో తొలి ట్రాన్సిస్టర్ రేడియోను అంగట్లో పెట్టిన అమెరికాలోని ఇండియానాపొలిస్ కంపెనీ రీజెన్సీ తర్వాత స్కానర్లూ చేసింది. అదే రాష్ట్రంలోని ఎలక్ట్రా కంపెనీ బేర్‌క్యాట్ అనే పేరుతో దానికి పోటీ వచ్చింది. కొన్నది ఎక్కువగా పోలీసు, అగ్నిమాపక దళం కబుర్లు వినాలనుకున్న మామూలు జనం. 1970ల నడుమ మైక్రోప్రాసెసర్ చౌకయ్యాక స్ఫటికాల గొడవ పోయింది. ఫ్రెంచి ఇంజనీరు అన్రీ ద బెల్‌సీజ్ 1932లో వివరించిన ఫేజ్ లాక్డ్ లూప్ అనే ఉపాయానికి అప్పుడు పట్టం కట్టారు. ఒకే ఒక్క స్ఫటికాన్ని ఆధారంగా పెట్టుకుని, ఆ ఉపాయంతో కావలసిన పౌనఃపున్యాలన్నీ పుట్టించుకోవచ్చు. అంకెలు నొక్కితే చానల్ సిద్ధం. తర్వాతి స్కానర్లు సెకనుకు నూరు చానళ్ల దాకా తడిమాయి.

సెట్టు ఎక్కడ ఆగాలో చెప్పేది స్క్వెల్చ్. సంకేతం లేనప్పుడు వచ్చే బుస్సుమనే హోరును అది మూసి ఉంచుతుంది. సంకేతం బలం ఒక గీత దాటగానే గొంతు తెరుచుకుంటుంది, స్కాన్ ఆగుతుంది. ఈ గీతను ఎక్కడ పెడతామన్నది వినేవాడి నేర్పు. మరీ బిగిస్తే దూరాన ఉన్న బోటు పిలుపు మూతపడి పోతుంది. మరీ వదిలితే ప్రతి హోరు దగ్గరా ఆగి చానళ్లు కదలవు. హోరు ఆగీ ఆగనట్టు ఉండే చోటికి తిప్పి, అక్కడినుంచి వెంట్రుకవాసి బిగించాలి. మైపాడు చుట్టూ రొయ్యల గుంటల దగ్గర తిరిగే మోటార్లు, ఇళ్లలో ఇన్వర్టర్లు, చవక ఎల్‌ఈడీ దీపాలు అన్నీ తలా ఇంత హోరు పోస్తాయి. అందుకని ఒక ఇంట్లో సరిపోయిన అమరిక పక్కింట్లో పనికిరాదు.

చేతి సెట్టు వేరే దారిన వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, తర్వాతి కాలంలో మోటరోలాగా మారిన గాల్విన్ కంపెనీ ఎస్‌సీఆర్-536 అనే హ్యాండీ టాకీని చేసింది. రెండు కిలోలకు పైగా బరువు, ఒక్కటే చానల్. నేలమీద దాని పిలుపు అందే దూరం సుమారు మైలు. అయినా సైనికుడు పరుగెత్తుతూ మాట్లాడగలిగాడు. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు, చిప్‌లు వచ్చి పరిమాణం తగ్గించాయి. 1980లు మొదలయ్యాక అంకెలు నొక్కే స్కానర్ కూడా గుప్పిట్లోకి వచ్చింది. లోపలి పనితనంలో బల్లమీది సెట్టుకూ చేతి సెట్టుకూ తేడా అప్పటినుంచే కరుగుతూ వచ్చింది. తగ్గనిది యాంటెనా తేడా.

మన దగ్గరి లెక్కే చూద్దాం. సముద్రంలో బోట్లూ ఓడలూ పిలుపుకూ ఆపదకూ వాడే 16వ చానల్ 156.8 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాని తరంగం పొడవు 1.91 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 48 సెంటీమీటర్ల కడ్డీ ఉంటే యాంటెనా ఆ తరంగంతో చక్కగా కలుస్తుంది. చేతి సెట్టుకు వచ్చే రబ్బరు యాంటెనా జానెడు ఉంటే గొప్ప. తీగను స్ప్రింగులా చుట్టి పొడవు తగ్గిస్తారు గానీ, ఆ పొట్టితనానికి మూల్యంగా అందిన సంకేతంలో చాలా భాగం పోతుంది. 

ఎత్తుదీ చిన్న లెక్కే. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే రేడియో చూపు కిలోమీటర్లలో వస్తుంది. రెండు చివర్లవీ కలుపుకోవాలి. ఒడ్డున మనిషి 1.6 మీటర్ల ఎత్తున సెట్టు పట్టుకున్నాడు, 5.2 కిలోమీటర్లు. బోటులో మనిషి నీటికి ఒకటిన్నర మీటర్ల ఎత్తున పట్టుకున్నాడు, 5 కిలోమీటర్లు. ఇద్దరికీ మధ్య పదికి మించితే మాట అందడం కష్టం. ఇప్పుడు ఒడ్డున తుఫాను షెల్టర్ లాంటి మేడమీద గొట్టం నిలబెట్టి యాంటెనాను 16 మీటర్లకు ఎత్తండి. ఒడ్డు వాటా 16.5 కిలోమీటర్లు అవుతుంది, మొత్తం 21 దాటుతుంది. బోటులోనూ కర్ర కట్టి 4 మీటర్లకు ఎత్తితే దాదాపు 25. సెట్టు మార్చలేదు, ఖరీదు పెరగలేదు, చానళ్లు పెరగలేదు. కృష్ణపట్నం రేవు మైపాడుకు దక్షిణంగా పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. అక్కడ లంగరు వేసిన ఓడ యాంటెనా 36 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, ఇసుకలో నిలబడ్డ మనిషి చేతి సెట్టుకు అది 30 కిలోమీటర్ల అంచున ఉంటుంది. గొట్టంమీది యాంటెనాకు 41 కిలోమీటర్ల దాకా అందుతుంది. ఈ నేల చదును. చుట్టుపక్కల ఎక్కడానికి కొండలేదు. కొనుక్కోగలిగిన ఎత్తు గొట్టం ఒక్కటే.

బల్లమీది సెట్టు గెలుపు అక్కడుంది. అది ఇంట్లో ఒకచోట కూర్చుంటుంది కాబట్టే దాని యాంటెనా పైకి పోగలదు. చేతి సెట్టును కూడా ఆ గొట్టానికే తగిలించుకోవచ్చుగా అంటే, తగిలించుకోవచ్చు. కానీ చేతి సెట్టు వడపోతలు చిన్నవి. పెద్ద యాంటెనా నాలుగు వైపుల నుంచీ సంకేతాలు మోసుకొచ్చేసరికి దగ్గరలోని ఎఫ్‌ఎం ప్రసారం లాంటి బలమైనది దాన్ని ముంచేస్తుంది. వినాల్సిన బలహీన సంకేతం కింద పడిపోతుంది. బల్లమీది సెట్టు ఆ ఒత్తిడిని మెరుగ్గా తట్టుకుంటుంది. 

తీగ సంగతి మాత్రం అందరూ మరిచేదే. మేడమీదినుంచి గదిలోకి 20 మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబుల్ లాగితే, 150 మెగాహెర్ట్జ్ దగ్గర యాంటెనా పట్టిన సంకేతంలో సగానికి పైగా ఆ తీగలోనే ఆరిపోతుంది. లావు కేబుల్ వేస్తే చాలా మిగులుతుంది. ఆపైన సముద్రపు గాలి. తీరంలో ఒక వానాకాలం గడిచిన కనెక్టర్‌ను విప్పి చూడండి. మరల మధ్య పచ్చటి చిలుము, నడిమి సూది చుట్టూ తెల్లటి ఉప్పు పొడి, కేబుల్ లోపలి అల్లిక రాగి రంగు పోయి నల్లబడి ఉంటుంది. నీరు ఆ అల్లిక వెంట లోపలికి పాకుతుంది. సెట్టు పాడైందనుకుని పక్కన పడేసిన చాలా సందర్భాల్లో తప్పు ఆ బొటనవేలంత ముక్కదే.

అలాగని చేతి సెట్టును చిన్నచూపు చూడను. బోటులో దానికి సాటి లేదు. బోటుకు బిగించే సెట్టు 25 వాట్లతో పలుకుతుంది, చేతిది సాధారణంగా 5 వాట్లే. కానీ బోటు తిరగబడితే బిగించినది బ్యాటరీతో సహా నీళ్లపాలవుతుంది. నీటికి తట్టుకునే చేతి సెట్టు మనిషి మెడలో ఉంటుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుఫాను నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. స్తంభాలు కూలి కరెంటు పోతే గోడ ప్లగ్గుమీద ఆధారపడ్డ సెట్టు మూగబోతుంది. బల్లమీది సెట్టు కొనేవాళ్లు అది 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుందో లేదో చూసి మరీ కొనాలి. ట్రాక్టరు బ్యాటరీ అయినా దాన్ని నడపగలగాలి.

భూమి వంపును దాటే దారులు ఇంకా ఉన్నాయి. ఒకటి ఆకాశంలోని అయానోస్పియర్. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో వీయూ4ఆర్‌బీఐ అనే సంకేతనామంతో హామ్ కేంద్రం, అంటే ఔత్సాహికుల రేడియో కేంద్రం, నడుపుతున్నారు. 26న సునామీ వచ్చింది. మామూలు సమాచార మార్గాలు తెగిపోయినప్పుడు ఆమె కేంద్రం బాధితుల కబుర్లను ప్రధాన భూభాగానికి చేరవేసింది. హ్రస్వ తరంగాలు పై పొరలను తాకి వంగి సముద్రం దాటాయి. అంత పని జేబులో పట్టే సెట్టుతో జరిగేది కాదు. పొడవైన యాంటెనా, బల్లమీది యంత్రం ఉండాలి. రెండో దారి ఉపగ్రహం. యాంటెనా ఎత్తు అనే లెక్కకు అది చివరి మెట్టు. 2005 మే 5న ఇదే తీరంలోని శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హామ్‌శాట్‌ను పైకి తీసుకెళ్లింది. 2014 దాకా పనిచేసిన ఆ బుల్లి ఉపగ్రహం 145.9 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో పలికేది. అది నెత్తిమీదుగా పోతున్నప్పుడు చేతి సెట్టుకు చిన్న యాగీ యాంటెనా తగిలించి, దాని వెంట చెయ్యి తిప్పుతూ వినగలిగేవారు. అక్కడ గొట్టానికి బిగించిన యాంటెనా కంటే తిరిగే చెయ్యే మేలు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ 2019లో మత్స్యకారుల కోసం తెచ్చిన జెమిని పరికరం కూడా వినడానికే పుట్టింది. గగన్ ఉపగ్రహాల ద్వారా వచ్చే తుఫాను హెచ్చరికలను, చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని అందుకుని ఫోనుకు పంపుతుంది. దానితో తిరిగి మాట్లాడలేం.

2012 తర్వాత స్కానర్‌కు కొత్త అవతారం వచ్చింది. కంప్యూటర్లో టీవీ చూడటానికి చేసిన ఆర్‌టీఎల్2832యూ చిప్ ముక్కను మొత్తం రేడియోగా వాడొచ్చని కొందరు ఉత్సాహవంతులు బయటపెట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలంనుంచీ తీగలూ స్ఫటికాలూ చేసిన పనిలో ఎక్కువ భాగాన్ని సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది. దానికి కూడా యాంటెనా ఎత్తు, తీగ నష్టం, ఉప్పు గాలి తప్పవు.

మన దేశంలో స్కానర్ అమెరికాలోలా ఇంటింటి వస్తువు కాలేదు, అందుకు కారణం చట్టం. పాటలు వినే రేడియోకే పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టే పద్ధతి 1980ల దాకా నడిచింది. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడాన్నే నిషేధించింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చాక కూడా పరాయి సందేశాలను అనుమతి లేకుండా పట్టి వినడం నేరమే. ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతోందని వాకీటాకీ తెప్పించుకుంటే చిక్కులు కొనితెచ్చుకున్నట్టే. బోటు సెట్టుకు దాని లైసెన్సు ఉంది. ఒడ్డున ఉన్న పిల్లలకు హామ్ పరీక్ష ఉంది. పన్నెండేళ్లు నిండితే రాయొచ్చు. కేంద్ర టెలికాం శాఖ ఇచ్చే ఆ లైసెన్సు చేతికొస్తే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా వినడమే కాదు, మాట్లాడొచ్చు కూడా. మైపాడు, ఇందుకూరుపేట బడుల్లో ఇది చెప్పేవాళ్లుంటే బాగుండునని నాకు గట్టిగా అనిపిస్తుంది. తుఫాను దారిలో ఉన్న ఊళ్లలో ఒక్కో ఇల్లు హామ్ కేంద్రమైనా చాలు.

ఇక ఎంపిక. సముద్రంలోకి వెళ్లేవాళ్లకు మొదట చేతి సెట్టు, వీలైతే బోటుకు బిగించినది కూడా. ఒడ్డున కూర్చుని వినేవాళ్లకు, బయలుదేరిన బోట్ల కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు బల్లమీది సెట్టు. చేతిలో ఉన్న డబ్బంతా పెట్టెమీద పెట్టకుండా గొట్టానికి, లావు కేబుల్‌కు, కనెక్టర్లమీద చుట్టే రబ్బరు టేపుకు ముందే తీసి పక్కనుంచండి. గొట్టానికి మూడు వైపులా తాళ్లు బిగించి కట్టాలి, అడుగున రాగి తీగతో నేలకు ఎర్తు ఇవ్వాలి. ఉరుములు మొదలైతే కేబుల్‌ను సెట్టునుంచి ఊడదీయాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోట్లు ఒడ్డునే ఉంటాయి. మేడెక్కి టేపు విప్పి, చిలుము గీకి, కొత్త టేపు చుట్టుకోవడానికి ఆ రెండు నెలలూ అనువైన కాలం.