అక్షర చతురస్రం

అడ్డంగా చదివినా, నిలువుగా చదివినా అవే పదాలు వచ్చేటట్లు గళ్ళలో అక్షరాలు కూర్చడం ఒక భాషా వినోదం. అరబీ లిపికి ఇది చక్కగా ఒదుగుతుంది. అందులో హ్రస్వాచ్చులను సాధారణంగా వ్రాయరు. కనుక 'ఇల్మ్'లోనూ 'లబన్'లోనూ ఉన్నది ఒకే లామ్. తెలుగులోనైతే 'ల్', 'ల' వేరువేరుగా వ్రాయవలసి వస్తుంది.

ఒక ఉదాహరణ:

ఐన్ – లామ్ – మీమ్
లామ్ – బా – నూన్
మీమ్ – నూన్ – ఐన్

వరుసగా ఇవి ఇల్మ్ (జ్ఞానం), లబన్ (పాలు), మన్అ (వారించడం). నిలువు వరుసలూ ఇవే.

మొదటి పదాన్ని పై వరుసలోనూ, మొదటి నిలువు వరుసలోనూ వ్రాయాలి. దానితో మిగిలిన రెండు పదాల తొలి అక్షరాలు స్థిరపడతాయి. రెండవ పదపు చివరి అక్షరమే మూడవ పదపు నడిమి అక్షరం కావాలి. కష్టమంతా అక్కడే.

అక్షరాలకు మారుగా పదాలతో ఇట్లా కూర్చే పద్యాన్ని 12వ శతాబ్దంలో రషీదుద్దీన్ వత్వాత్ 'మురబ్బఅ' అనే అలంకారంగా వివరించాడు.

ఇల్మ్ సరసన లబన్ కనిపించగానే, స్వప్నంలోని పాలకు దైవప్రవక్త (స) జ్ఞానమని అర్థం చెప్పిన బుఖారీ హదీసు స్ఫురించవచ్చు. అయితే గళ్ళలో ఆ పొందిక యాదృచ్ఛికమే. గళ్ళు గీసి తావీజుగా కట్టుకొనే ఆచారంతో ఈ వినోదాన్ని కలపరాదు. ఇది నిఘంటువు తెరిపిస్తుంది. అంతకుమించి దీనికి ఏ మహిమా లేదు.