ఆరోగ్యశ్రీ కార్డు: ఏజెన్సీలో అపోహలు – వాస్తవాలు

కొత్తగూడెంలో సింగరేణి కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి ఉంది. అదే గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే, పెద్ద జబ్బు చేసిన పోడు రైతుకు ఉన్న ధీమా ఆరోగ్యశ్రీయే. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకం మరుసటి ఏడాదికల్లా ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న దీని కింద చికిత్స ఖర్చుల పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. కార్డు గురించి జనంలో ఉన్న అపోహలు మాత్రం తగ్గలేదు.

అపోహ: జబ్బు చేస్తే 10 లక్షలు మన చేతికొస్తాయి.
వాస్తవం: రోగి చేతికి డబ్బు రాదు. ఒక్కో చికిత్సకు ముందే ఖరారు చేసిన ప్యాకేజీ ధరను ప్రభుత్వ ట్రస్టు నేరుగా ఆసుపత్రికి చెల్లిస్తుంది. 10 లక్షలు అనేది ఇంటిల్లిపాదికీ కలిపి ఒక ఏడాదికి పెట్టిన గరిష్ఠ హద్దు. దీనికి కుటుంబం ప్రీమియం కట్టనక్కర్లేదు.

అపోహ: పాత జబ్బులకు, ముసలివాళ్లకు వర్తించదు.
వాస్తవం: వర్తిస్తుంది. ప్రైవేటు పాలసీల్లో ఉన్నట్టు పాత జబ్బుకు ఇన్నేళ్లు ఆగాలన్న షరతు గానీ, వయోపరిమితి గానీ ఇందులో లేవు. కార్డులో పేరు ఉండటమే ముఖ్యం. కొత్త కోడలి పేరో, పుట్టిన బిడ్డ పేరో ఎక్కించకపోతే ఇబ్బంది ఆసుపత్రి గుమ్మంలోనే మొదలవుతుంది.

అపోహ: ఇది ప్రైవేటు ఆసుపత్రులకే పనికొస్తుంది.
వాస్తవం: పథకం వర్తించే ఆసుపత్రుల నెట్‌వర్క్‌లో ప్రభుత్వ ఆసుపత్రులూ ఉన్నాయి. అక్కడ చికిత్స చేయించుకుంటే పథకం సొమ్ము ఆ ఆసుపత్రికే చేరుతుంది. కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది కాబట్టి ప్రతిదానికీ హైదరాబాద్ బస్సెక్కే ముందు దగ్గర్లో ఏముందో అడగడం మంచిది. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో మాత్రం కార్డు చెల్లదు.

అపోహ: కార్డుంటే రూపాయి ఖర్చు కాదు.
వాస్తవం: ఆసుపత్రిలో చేరాక పరీక్షలు, మందులు, ఆపరేషన్, భోజనం, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. చేరకముందు అయ్యే ఖర్చే అసలు సమస్య. జ్వరానికి ఆర్‌ఎంపీ దగ్గర పెట్టినది, జబ్బేమిటో తేలేదాకా చేయించిన స్కానింగులు, బీపీ, షుగర్ మాత్రలకు నెలనెలా అయ్యేది చాలావరకు సొంత జేబులోంచే పోతుంది. తోడు వెళ్లినవాళ్ల కూలి నష్టం ఏ లెక్కలోకీ రాదు.

అపోహ: పథకం అందరికీ ఒకేలా అందుతోంది.
వాస్తవం: విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం దీన్నే పరీక్షించింది. పథకం జిల్లాలవారీగా విడతల్లో వచ్చింది కాబట్టి, ముందు వచ్చిన జిల్లాలనూ ఇంకా రాని జిల్లాలనూ పోల్చి చూశారు. మొదటి తొమ్మిది నెలల్లోనే ఆసుపత్రిలో చేరినవారి చేతి ఖర్చు గణనీయంగా తగ్గిందని తేలింది. అయితే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతావారికి అందినంత మేలు అందలేదనీ తేలింది.

ఆ తేడా ఎందుకొస్తుందో ఏజెన్సీని చూస్తే ఊహించవచ్చు. భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లకు పైనే. రోడ్డు లేని గూడెం నుంచి రోగిని ముందు మంచం మీద మోసుకురావాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో స్థిరపడిన గొత్తికోయల్లో చాలామందికి కార్డుకు కావలసిన కాగితాలే లేవు. బీమా ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది గానీ, ఆపరేషన్ టేబుల్ దాకా దారి వేయదు.

అందుకే పరిమితిని ఇంకో లక్ష పెంచడం కన్నా, చర్ల, గుండాల లాంటి మండలాల్లో డాక్టరు, రక్త పరీక్ష, మందులు రోజూ దొరికేలా చూడటమే గిరిజనుడికి ఎక్కువ మేలు. ఈలోగా మీరు చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. కార్డులో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. ఆసుపత్రికి వెళ్లగానే ముందు, పథకం రోగులకు అక్కడ సాయం చేసే ఆరోగ్యమిత్రను కలవండి. ప్యాకేజీలో ఉన్న చికిత్సకు ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.