రాకెట్టుకు రెండంచెలు ఎందుకు?

మందు కాలిపోయిన గొట్టం ఉత్త బరువు. దాన్ని వదిలేస్తే మిగిలిన భాగం తేలికై ఇంకా పైకి పోతుంది. 1980 జులై 18న శ్రీహరికోటలో లేచిన ఎస్‌.ఎల్‌.వి.-3 బరువు 17 టన్నులు, అంచెలు 4. కక్ష్యకు చేరిన రోహిణి ఉపగ్రహం 35 కిలోలే!

అట్టగొట్టాల కిట్టుతో రెండంచెల నమూనా చేయొచ్చు. రెండు మోటార్ల బరువూ తోకవైపే ఉంటుంది కనుక కింది అంచెకు పెద్ద రెక్కలు అతికించాలి. లేకుంటే గాలిలో పల్టీలు కొడుతుంది. కింది మోటారు చివరికంటా కాలగానే నిప్పు పైకి చిమ్మి పై మోటారును అంటిస్తుంది. కింది గొట్టం ఊడి పడిపోతుంది. పై మోటారు కాలాక కొన్ని సెకన్లకు చివరనున్న కాస్త మందు పేలి, ముక్కు ఊడి, పారాచూట్ విచ్చుకుంటుంది.

రాకెట్టు పక్కకు వంగాక పై అంచె అంటుకుందా, అడ్డంగా దూసుకుపోతుంది. మన వత్సవాయి చుట్టూ గడ్డివాములు, పత్తిచేలు. కాబట్టి గాలిలేని పూట, ఖాళీ మైదానంలో, సారు దగ్గరుండగా, దూరం నుంచి బ్యాటరీతోనే వెలిగించాలి. మోటార్లు కంపెనీవే వాడాలి. తారాజువ్వల మందు విప్పి గొట్టంలో కూరితే అది రాకెట్టు కాదు, బాంబు!